చిన్న కమతంలో పాలమేకల పెంపకం, అమ్మకం: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు

నిర్వచనం, పరిధి

పాలు ఎక్కువగా ఇచ్చే తల్లిమేకలను ఏరి పెట్టుకుని, మంచి పోతుతో కట్టించి, వాటి పిల్లలను, చూడి మేకలను, విత్తనపు పోతులను, మిగిలిన పాలను అమ్ముకోవడాన్ని పాలమేకల పెంపకం అంటారు. ఈ వ్యాసం రెండు మూడు మేకలు మొదలుకొని ముప్పై తల్లిమేకల దాకా, ఇంటిల్లిపాదీ చేసుకోగలిగిన స్థాయి పెంపకానికి సంబంధించినది. వందల మేకలతో కూలీలను పెట్టి నడిపే షెడ్లు దీని పరిధిలోకి రావు.

తెలంగాణ పల్లెల్లో గొర్రెలను, మేకలను కలిపి జీవాలు అంటారు. ఈ మూడు జిల్లాల్లో మేక ప్రధానంగా మాంసపు జీవమే. పాలను డబ్బాల్లో పోసి అమ్మే ఇళ్లు తక్కువ. అయితే పాలదిగుబడికి విలువ లేదని దీని అర్థం కాదు. ఇక్కడి మేకపాలలో అధిక భాగం పిల్ల కడుపులోకే పోతుంది. పాలున్న తల్లి పిల్ల త్వరగా బరువెక్కుతుంది, కవల పిల్లలు రెండూ బతుకుతాయి. కాబట్టి పాల ధర ఈ ప్రాంతంలో పిల్ల ధరగా రైతు చేతికి వస్తుంది. మేకల ఎంపిక నుంచి అమ్మకం దాకా లెక్కలన్నీ ఈ విషయం మీదే ఆధారపడి ఉంటాయి.

ప్రాంత స్వభావం

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి ఈ మూడు జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి నుంచి ములుగు వేరు జిల్లా అయింది. మూడు చోట్లా మేత తీరు వేరు. జనగామ మెట్ట ప్రాంతం. అక్కడ మేకలకు బీళ్లు, గుట్టలు, కోసిన చేలే ఆధారం. మహబూబాబాద్‌లో పత్తి, మిరప చేలు ఎక్కువ, లంబాడీ తండాలు ఎక్కువ. భూపాలపల్లిలో అడవి అంచు గ్రామాలున్నాయి, మేతలో ఆకు వంతు హెచ్చు.

దేవాదుల ఎత్తిపోతల, శ్రీరాంసాగర్ రెండో దశ కాలువల నీళ్లు వచ్చిన ఊళ్లలో వరి పెరిగి బీళ్లు తగ్గాయి. దాంతో రోజంతా తిప్పి మేపే పద్ధతి నుంచి, కొంతసేపు మేపి మిగతా మేత కొట్టంలో వేసే పద్ధతికి చాలా ఇళ్లు మారాయి. ముఖ్యంగా నాట్ల నుంచి కోతల దాకా మేకను వదలడానికి చోటుండదు.

చరిత్ర

గొర్రెల మందలు గొల్ల, కురుమ కులాల వృత్తిగా స్థిరపడ్డాయి. మేక మాత్రం ఏ ఒక్క కులానిదీ కాలేదు. దళితుల ఇళ్లలో, తండాల్లో, కోయ గూడేల్లో, ఒంటరి ఆడవాళ్ల గుడిసెల ముందు రెండు మూడు మేకలు ఉండటం ఈ ప్రాంతంలో మామూలు. గుంట భూమి లేకపోయినా పెంచుకోగలిగిన పాడి జీవం ఇదే. పాలుకు, అంటే వాటాకు, మేపే ఆనవాయితీ కూడా ఉంది. ఒకరి మేకను మరొకరు సాకి, ఈనిన పిల్లల్లో సగం తీసుకుంటారు. పెట్టుబడి లేని ఇల్లు ఈ దారిన నాలుగైదేళ్లలో సొంత మంద ఏర్పరచుకుంటుంది.

జనగామ జిల్లా పాలకుర్తి పేరుతో ముడిపడిన పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో, పెంటికను లింగంగా నమ్మి పాలతో అభిషేకించిన గొల్ల పిల్లవాడి కథ ఉంది. జీవాల పాలను ఇంటి పాడిగా చూసిన సమాజం ఆ కథలో కనిపిస్తుంది. నిజాం కాలపు వెట్టిలో దొర ఇంట పెళ్లికి, పండుగకు, గ్రామానికి వచ్చిన అధికారి భోజనానికి జీవాలను ఉత్త పుణ్యానికి ఇచ్చుకోవలసి వచ్చేది. ఆ దొరల పెత్తనంపై తిరగబడిన పోరాటంలో 1946 జూలై 4న కడవెండిలో తుపాకీ గుండుకు బలైన దొడ్డి కొమురయ్య కురుమ ఇంటి బిడ్డ. ఆ ఊరు నేటి జనగామ జిల్లాలో ఉంది.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో మేకలు 14.89 కోట్లు, తెలంగాణలో సుమారు 49 లక్షలు. గొర్రెల సంఖ్యలో తెలంగాణ అదే గణనలో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ప్రభుత్వ పథకాల చూపు కూడా గొర్రె వైపే ఉంది (చూడండి: ప్రభుత్వ సాయం).

జాతులు

ఈ జిల్లాల్లోని మేకల్లో ఎక్కువ భాగం ఏ గుర్తింపు జాతికీ చెందని నాటు మేకలు. నలుపు, గోధుమ, మచ్చల రంగుల్లో ఉంటాయి. ఎండకు, నడకకు, మేత కొరతకు ఓర్చుకుంటాయి. పూటకు పావు లీటరు నుంచి అర లీటరు పాలు పిండే నాటు మేకను పల్లెలో మంచి మేకగానే లెక్కిస్తారు.

పొరుగున ఉన్న మహారాష్ట్ర నుంచి వచ్చిన ఉస్మానాబాదీ ఈ ప్రాంతానికి బాగా ఇమిడే జాతి. ఎక్కువగా నల్లగా ఉంటుంది. కవలలు తరచుగా పుడతాయి. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా పాలిస్తుంది. పాలకు, మాంసానికి రెండింటికీ పనికొచ్చే జాతి కావలసిన చిన్న రైతుకు మొదట పరిశీలించవలసినది ఇదే.

పాలకు పేరుపొందిన ఉత్తరాది జాతుల్లో ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా ప్రాంతపు జమునాపారి, పంజాబ్ బీటల్, రాజస్థాన్ ఆల్వార్ జిల్లా జఖ్రానా, గుజరాత్ సూర్తి ముఖ్యమైనవి. మంచి మేత మీద ఇవి రోజుకు ఒకటి నుంచి రెండు లీటర్ల దాకా ఇస్తాయి. బర్బరీ చిన్న దేహంతో, కట్టేసి మేపడానికి అనువుగా ఉంటుంది. జమునాపారి వేలాడే పొడవైన చెవులతో, ఎత్తుతో కొనేవారిని ఆకట్టుకుంటుంది. కానీ అది కొమ్మలు అందుకుని తినే ఇటావా లోయల జీవం. ఇక్కడి వానాకాలపు బురదలో, మేత చాలని కొట్టంలో దాని పాలు పేరుకు తగినట్టు ఉండవు. ఎత్తు చూసి కొన్న మేక పాలు చూసి కొన్న మేకకు సాటి రాదు.

ప్రపంచంలో పాలకు మొదటి వరుసలో నిలిచే స్విట్జర్లాండ్ సానెన్, ఆల్ప్స్ ప్రాంతపు ఆల్పైన్ జాతులను మన దేశంలో సంకరానికి వాడారు. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో బీటల్ మేకలను వీటితో కలిపి పరిశీలించారు. పాలు పెరిగినా, ఆ సంకరాలకు కావలసిన నీడ, మేత, వైద్యం పల్లె కొట్టంలో సమకూర్చడం కష్టం. ఉన్న నాటు మేకల్లో పాలున్నవాటిని ఏరి, వాటిపై మంచి ఉస్మానాబాదీ లేదా బీటల్ పోతును దాటించడం చిన్న కమతానికి తక్కువ ఖర్చు దారి. మేకలపై పరిశోధనకు 1979లో ఏర్పడిన కేంద్ర మేకల పరిశోధన సంస్థ మథుర దగ్గరి మఖ్దూంలో ఉంది.

కొట్టం, మేత

పెద్ద మేకకు సుమారు 10 చదరపు అడుగులు, పోతుకు 20, పిల్లకు 4 చదరపు అడుగుల చోటు కావాలి. నేల పొడిగా ఉండటం అన్నిటికన్నా ముఖ్యం. వెదురు, సరుగుడు లేదా తాటి బద్దలతో నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తులో మంచె వేస్తే పెంటికలు, మూత్రం కిందికి జారిపోతాయి. వానాకాలంలో గిట్టల కుళ్లు, దగ్గు తగ్గుతాయి. పోతును పాలమేకలకు దూరంగా కట్టాలి. పాలు పోతు వాసనను త్వరగా పట్టుకుంటాయి.

మేక నేల గడ్డి కన్నా తల ఎత్తులో ఉండే ఆకును ఇష్టపడుతుంది. తుమ్మ, వేప, రేగు, రావి, చింత ఆకులు ఇక్కడి సహజ మేత. గట్ల మీద అవిసె, సుబాబుల్, గ్లిరిసిడియా, మునగ నాటి, పది పదిహేను గుంటల్లో దశరథ గడ్డి, నేపియర్ వేసుకుంటే పది మేకలకు పచ్చిమేత కొరత చాలావరకు తీరుతుంది. సుబాబుల్‌లో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది కాబట్టి అదొక్కటే కాకుండా ఇతర మేతతో కలిపి వేయాలి. ఎండాకాలానికి పల్లి కట్టె, కంది పొట్టు, పెసర కట్టె, ఎండిన తుమ్మకాయలు దాచుకుంటారు. పాలమేకకు లీటరు పాలకు 400 నుంచి 500 గ్రాముల దాణా, ఖనిజ లవణ మిశ్రమం, ఎప్పుడూ శుభ్రమైన నీరు అవసరం.

రెండు మేతల విషయంలో జాగ్రత్త తప్పనిసరి. నీటి ఎద్దడికి గురైన లేత జొన్నలో, కోసిన తర్వాత వచ్చిన జొన్న పిలకలో హైడ్రోసయనిక్ ఆమ్లం ఉంటుంది. కడుపు నిండా తింటే గంటల్లో ప్రాణం పోతుంది. రెండోది పత్తి చేను. 2006లో నాటి వరంగల్ జిల్లాలో, నేటి జనగామ జిల్లాలోని ఇప్పగూడెం సహా కొన్ని ఊళ్లలో, ఏరిన బీటీ పత్తి చేలలో మేసిన జీవాలు పెద్దసంఖ్యలో చనిపోయాయని కాపరులు చెప్పారు. అంత్ర వంటి స్వచ్ఛంద సంస్థలు పరిశీలన జరిపి దీన్ని వెలుగులోకి తెచ్చాయి. బీటీ విషమే కారణమన్న వాదనను జన్యుమార్పిడి పంటల నియంత్రణ సంస్థ అంగీకరించలేదు. పురుగుమందుల అవశేషాలు, నైట్రేట్లు కారణం కావచ్చని చెప్పింది. కారణం మీద వాదం ఎలా ఉన్నా, మందు కొట్టిన చేలో మేపకపోవడం రైతు చేతిలో ఉన్న పని.

ఎంపిక, ప్రజననం

పాలమేకను ఎంచేటప్పుడు పొదుగు మెత్తగా, పిండిన తర్వాత ముడుచుకుపోయేలా ఉండాలి. చన్నులు రెండూ సమానంగా, పిడికిట పట్టేంత ఉండాలి. పిండినా గట్టిగానే మిగిలే పొదుగులో కండ ఎక్కువ, పాలు తక్కువ. విత్తనపు పోతును మాత్రం దాని తల్లి పాలను బట్టి ఎంచాలి. మందలో సగం గుణం పోతు నుంచే వస్తుంది. పల్లెల్లో జరిగేది దీనికి తలకిందులు. త్వరగా ఎదిగిన మంచి పోతుపిల్లను ముందే అమ్మేస్తారు, అమ్ముడుపోక మిగిలింది మందను కడుతుంది. ఇలా ఐదారేళ్లు గడిస్తే మంద పాలు, ఒడ్డూ పొడవూ రెండూ తగ్గుతాయి.

ఆడపిల్లను ఏడాది వయసు దాటి, పెద్ద మేక బరువులో మూడింట రెండు వంతులు వచ్చాక కట్టించాలి. ఎద 24 నుంచి 36 గంటలు ఉంటుంది, కట్టకపోతే సుమారు 21 రోజులకు మళ్లీ వస్తుంది. తోక ఊపడం, మానకుండా అరవడం, మేత తగ్గడం ఎద గుర్తులు. కట్టించే ముందు రెండు మూడు వారాలు రోజుకు పావుకిలో దాణా వేస్తే కవలలు పుట్టే అవకాశం పెరుగుతుంది. చూడి కాలం 150 రోజులు. 20 నుంచి 30 మేకలకు ఒక పోతు చాలు. తన పిల్లలనే కట్టే పరిస్థితి రాకుండా రెండేళ్లకొకసారి పోతును మార్చాలి. ఊళ్లో నాలుగిళ్లు కలిసి పోతులను మార్చుకుంటే ఖర్చు లేకుండానే ఈ పని జరుగుతుంది. ఎనిమిది నెలలకొక ఈత, అంటే రెండేళ్లకు మూడు ఈతలు, మంచి మందకు గుర్తు.

పిల్ల పుట్టిన మొదటి గంట నిర్ణయాత్మకమైనది. ముక్కు, నోరు తుడిచి, బొడ్డును శుభ్రమైన బ్లేడుతో కోసి అయొడిన్ అద్ది, వెంటనే ముర్రుపాలు తాగించాలి. మొదటి రోజు పిల్ల బరువులో పదో వంతు ముర్రుపాలు దాని కడుపులోకి పోవాలి. తల్లి గర్భంలో ఉండగా పిల్లకు రోగనిరోధక శక్తి అందదు. అది ముర్రుపాల ద్వారానే వస్తుంది. మాయ పడేదాకా పాలు తాగనివ్వకూడదనే నమ్మకం ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. ఆ ఆలస్యానికి ఎన్నో పిల్లలు బలవుతున్నాయి.

పాలు: పితకడం, వాడకం

సాయంత్రం పిల్లలను గంప కింద కమ్మి, తెల్లవారి పాలు పిండి, ఆ తర్వాత పిల్లలను తల్లి దగ్గరికి వదలడం ఇక్కడి పద్ధతి. పిండేది ఒక్క పూటే. మిగతా రోజంతా పాలు పిల్లవి. మొదటి నెలలో ఆ ఒక్క పూట కూడా పిండకపోవడం మేలు. చాయకు గిన్నెడు పాలు దక్కితే పిల్ల బరువు తగ్గుతుంది, ఆ నష్టం అమ్మకం నాడు తెలుస్తుంది. రెండు పూటలా పిండి పాలు అమ్మడం లాభం కావాలంటే రోజుకు లీటరు పైన ఇచ్చే మేకలు, దగ్గరలో వాడుకదారులు రెండూ ఉండాలి. గ్రామాల్లోని పాల సేకరణ కేంద్రాలు ఆవు, గేదె పాల కోసం ఏర్పడినవి. అందువల్ల మేకపాల అమ్మకం ఇంటి వాడుక మీదే నడుస్తుంది.

మేకపాలు తెల్లగా ఉంటాయి, ఎందుకంటే మేక మేతలోని కెరోటిన్‌ను విటమిన్ ఎగా మార్చేస్తుంది. కొవ్వు రేణువులు చిన్నవి కావడంతో మీగడ నెమ్మదిగా తేలుతుంది, పాలు సులభంగా అరుగుతాయి. ఫోలిక్ ఆమ్లం తక్కువ కాబట్టి ఏడాది లోపు పసిపిల్లలకు తల్లిపాల బదులు ఇవ్వకూడదు. ఆవు పాలు పడని పిల్లల్లో చాలామందికి మేకపాలూ పడవు. డెంగీ జ్వరాల కాలంలో ప్లేట్‌లెట్లు పెరుగుతాయన్న ప్రచారంతో గిరాకీ, ధర ఒక్కసారిగా ఎగబాకుతాయి. ఆ ప్రచారానికి తగిన శాస్త్రీయ రుజువు లేదు. పచ్చిపాల ద్వారా బ్రూసెల్లోసిస్ మనుషులకు సోకుతుంది. కాచి తాగడం తప్ప దీనికి మరో మార్గం లేదు. గాంధీజీ మేకపాలు తాగడం దేశమంతా ఎరిగిన విషయం. ఆవు, గేదె పాలు మానిన వ్రతం ఉండగా, జబ్బున పడినప్పుడు కస్తూర్బా సూచనతో ఆయన మేకపాలు మొదలుపెట్టారు.

ఆరోగ్యం

మేకలకు అత్యంత ప్రమాదకరమైనది పారుడు రోగం, అంటే పీపీఆర్. మన దేశంలో దీన్ని మొదట 1987లో తమిళనాడులో గుర్తించారు. జ్వరం, ముక్కు కారడం, నోటి పుండ్లు, పారుడు, న్యుమోనియాతో మందలు తుడిచిపెట్టుకుపోతాయి. భారత పశువైద్య పరిశోధన సంస్థ రూపొందించిన సుంగ్రి 96 టీకా ఒకసారి వేస్తే సుమారు మూడేళ్లు రక్షణ ఇస్తుంది. 2030 నాటికి ప్రపంచం నుంచి ఈ రోగాన్ని తొలగించాలన్నది అంతర్జాతీయ లక్ష్యం.

తొలకరి పడి లేత గడ్డి మొలిచాక చిటుక రోగం వస్తుంది. మందలో బాగా బలిసిన పిల్లలే హఠాత్తుగా పడి చనిపోతాయి. మే నెలలో టీకా వేయించుకోవాలి. గాలికుంటు, గొంతువాపు, మేకల బొబ్బ రోగాలకు కూడా టీకాలున్నాయి. వరి పొలాల మధ్య, చెరువు కట్టల కింద మేసే మేకలకు కార్జపు జలగ పడుతుంది. దవడ కింద నీరు దిగడం దీని గుర్తు. వానలకు ముందు, తర్వాత నట్టల మందు తాగించాలి. పాలమేకకు ప్రత్యేకంగా వచ్చేది పొదుగువాపు. గడ్డలు, రక్తపు చారికలు కనిపిస్తే ఆ పాలు పిల్లకూ మనిషికీ పెట్టకూడదు. కొత్తగా కొన్న మేకను మూడు వారాలు విడిగా కట్టి, ఆ తర్వాతే మందలో కలపాలి. అంగడి నుంచి వచ్చే రోగాల్లో చాలా వాటికి ఈ అలవాటే అడ్డు.

పశువైద్యం కోసం 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార వాహనం వస్తుంది. వరంగల్ దగ్గరి మామునూరులో పశువైద్య కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. మహబూబాబాద్ జిల్లా మల్యాలలో మరో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది.

అమ్మకం

అమ్మకానికి నాలుగు సరుకులుంటాయి: మాంసానికి పోతులు, పెంపకానికి ఆడపిల్లలు, చూడి లేదా పాలమేకలు, విత్తనపు పోతులు. ఐదోది ఎరువు. మిరప రైతులు పెంటికల ఎరువును ట్రాక్టర్ లెక్కన కొంటారు, లేదా చేలో మంద పెట్టించుకుంటారు.

మాంసపు పోతులు ఎక్కువగా ఇంటి గుమ్మంలోనే అమ్ముడవుతాయి. బేరగాడు వెన్ను మీద, తొడ మీద చెయ్యి నొక్కి చూసి, ఎన్ని కిలోల మాంసం పడుతుందో మనసులో లెక్క కడతాడు. ప్రాణంతో ఉన్న బరువులో మాంసం 45 నుంచి 50 శాతం. తల, కాళ్లు, బోటి, తోలు బేరగాడి లాభంలోకి పోతాయి, ధరలో కనిపించవు. రైతు దగ్గర వేలాడే కాంటా ఒకటి ఉంటే ఈ బేరం తీరే మారుతుంది. ఇరవై కిలోల పోతులో తొమ్మిది, పది కిలోల మాంసం ఉంటుందని తెలిసినవాడిని ఏడు కిలోలకు ఒప్పించలేరు. ఆసుపత్రికో, బడి ఫీజుకో తొందరలో అమ్మినప్పుడే ఎక్కువ నష్టం. జనగామ నుంచి జాతీయ రహదారి 163 మీదుగా హైదరాబాద్ దగ్గర. నగరంలోని జియాగూడ మండీ ధర ఫోనులో తెలుసుకుని బేరమాడేవారు పెరుగుతున్నారు.

పాలమేక బేరం జరిగే తీరు వేరు. కొనేవాడు మొదట కింది పెదవి దించి పళ్లు చూస్తాడు. మేకకు పై దవడలో ముందుపళ్లు ఉండవు. కింద ఎనిమిది పాలపళ్లే ఉంటే పిల్ల. ఏడాది దాటాక రెండు పెద్ద పళ్లు, సుమారు రెండేళ్లకు నాలుగు, మూడేళ్లకు ఆరు, నాలుగేళ్లకు ఎనిమిది. అప్పుడు నోరు నిండిందంటారు. రెండు, నాలుగు పళ్ల మేకకు ధర ఎక్కువ. తర్వాత పొదుగు చూస్తాడు. ముందురోజు నుంచి పిండకుండా, పిల్లను తాగనివ్వకుండా అంగడికి తెచ్చిన మేక పొదుగు నిండుగా కనిపిస్తుంది. అందుకే తెలిసినవాడు అక్కడికక్కడే పూర్తిగా పిండించి, వీలైతే ఇంటికి వెళ్లి మర్నాడు ఉదయం మళ్లీ పిండి చూస్తాడు. పిల్లల వీపు చూడటం ఇంకా మంచి పరీక్ష. నెల పిల్ల ఎముకలు తేలి ఉంటే తల్లికి పాలు లేనట్టే. ఈత తేదీ, పిల్లల సంఖ్య, పూట పాలు, వేసిన టీకాలు ఒక నోటుబుక్కులో రాసి చూపగల అమ్మకందారుకు పెంపకం మేకలకు మాంసపు లెక్కకు మించిన ధర దక్కుతుంది.

గిరాకీ పండుగలను బట్టి ఉంటుంది. బోనాలు, దసరా, మల్లన్న పట్నాలు ఏటా వచ్చేవి. మాఘ పౌర్ణమికి రెండేళ్లకొకసారి జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతర ఈ ప్రాంతపు అతిపెద్ద గిరాకీ. దానికి ఏడాది పోతులు అందాలంటే ముందటి మాఘ, ఫాల్గుణాల్లో ఈనాలి, అంటే భాద్రపద, ఆశ్వయుజాల్లో కట్టించాలి. బక్రీద్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఖుర్బానీకి ఏడాది నిండి, కుంటి, గుడ్డి, విరిగిన కొమ్ము వంటి లోపాలు లేని పోతు కావాలి. రెండు పళ్ల పోతును అప్పటిదాకా ఆపగలిగితే మంచి ధర వస్తుంది.

ప్రభుత్వ సాయం

2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం గొల్ల, కురుమలకు 75 శాతం రాయితీతో గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి యూనిట్ ధర అప్పట్లో 1.25 లక్షలు. మేకలకు ఈ స్థాయి పథకం రాలేదు. 2021లో సవరించిన జాతీయ పశుసంపద మిషన్ మేకల పెంపకానికి 50 శాతం పెట్టుబడి రాయితీ ఇస్తుంది. 500 మేకలు, 25 పోతుల యూనిట్‌కు రాయితీ 50 లక్షల దాకా ఉంటుంది. తర్వాత 100 మేకలు, 5 పోతుల యూనిట్‌ను కూడా చేర్చారు. పది మేకల ఇల్లు ఆ మెట్టు కూడా ఎక్కలేదు. అలాంటి ఇంటికి పశుపోషణకు వర్తింపజేసిన కిసాన్ క్రెడిట్ కార్డు, మహిళా సంఘాల రుణం, గిరిజనులకు ఏటూరునాగారం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ మిగిలిన దారులు.

మేత హక్కులు

మొక్కలను మేక కొరికేస్తుందని అటవీ, పురపాలక అధికారులతో తగాదాలు తరచుగా వస్తాయి. 2019లో పొరుగున ఉన్న హుజూరాబాద్‌లో ప్రభుత్వం హరితహారం కింద నాటించిన మొక్కలు తిన్నాయని రెండు మేకలను పోలీసు స్టేషన్‌కు తరలించారు, యజమానికి వెయ్యి రూపాయల జరిమానా పడింది. నాటిన మొక్కను కాపాడటం అవసరమే. దానికి కంచె, కాపలా ఎవరి బాధ్యతో ముందే తేల్చుకున్న ఊళ్లలో ఈ తగాదాలు తక్కువ.

అడవి అంచు గ్రామాలకు 2006 అటవీ హక్కుల చట్టం ముఖ్యమైనది. దానిలోని సెక్షన్ 3(1)(డి) మేత హక్కును సామూహిక హక్కుల్లో ఒకటిగా గుర్తిస్తుంది. స్థిరంగా ఉండి మేపేవారికీ, కాలాన్ని బట్టి మందలతో తిరిగేవారికీ అది వర్తిస్తుంది. భూపాలపల్లి, మహబూబాబాద్‌లలో పోడు భూమి పట్టాల కోసం దరఖాస్తు చేసే కుటుంబాలు మేత హక్కును వేరుగా కోరాలి. ఆ దరఖాస్తును గ్రామసభలో పెట్టి, మేపే హద్దులను, కాలాన్ని తీర్మానంలో రాయించి, అటవీ హక్కుల కమిటీ ద్వారా సబ్ డివిజన్ స్థాయి కమిటీకి పంపాలి.